మానోల్ కొన్న టైర్లు

పెనం మీద బంగాళదుంపల రొట్టె ఒక పక్క ఎర్రగా కాలింది. మింకా దాన్ని పళ్లెంలోకి బోర్లించి, మళ్లీ పెనం మీదికి జార్చి, కోడలి వైపు చూడకుండానే, "ఉప్పు నీ దగ్గరుంది" అంది. నెవెనా ఉప్పు డబ్బాను బల్ల మీద అత్తగారి వైపు నెట్టింది. చేతికి అందించలేదు, నెట్టింది. ఆ ఇంట్లో తెల్లవారిందనడానికి అదే గుర్తు.

బయట కొండ మీద పైన్ చెట్ల తలలు తెల్లబడ్డాయి. మంచు ఇంకా ఊళ్లోకి దిగలేదు కానీ, దిగే దారి వెతుక్కుంటోందని మా రొదోపి కొండల్లో పుట్టిన ఎవరికైనా వాసనతోనే తెలిసిపోతుంది. నెవెనా కాఫీ గబగబా తాగి భర్త వైపు తిరిగింది.

"రూమెన్, శనివారం టైర్లు మార్పించాలి. నాలుగూ కొత్తవి. కనుమ మీద పొద్దున్నే రోడ్డు మెరుస్తోంది, నిన్న రెండుసార్లు గుండె ఆగినంత పనైంది. ఈ నెల మధ్య నుంచి చలికాలపు టైర్లు లేకపోతే పోలీసులు కూడా ఊరుకోరు."

రూమెన్ నోటి నిండా రొట్టె ఉంది. అలా ఉండటం అతనికి చాలా సౌకర్యంగా ఉంది. కలప మిల్లులో దుంగల్ని చీల్చే మొనగాడు, ఇంట్లో మాత్రం గోడ మీద పిల్లి.

"కింద నేలమాళిగలో నాలుగు ఉన్నాయిగా," అంది మింకా. "రోడ్డు మొహం చూడనివి." పోయిన ఆమె భర్త మానోల్ కొన్నవి అవి.

"మళ్లీ మొదలుపెట్టారా అత్తయ్యా."

"మొదలుపెట్టేదేముంది. ఆయన కొన్నాడు, బిగించుకునే లోపే పోయాడు. కొత్త టైర్లు ఇంట్లో ఉంచుకుని కొత్త టైర్లు కొనేవాళ్లని నేనెక్కడా చూడలేదు."

"ఆరేళ్లుగా క్యాబేజీ పీపా పక్కన పడున్నవి కొత్తవెలా అవుతాయి?"

"పడుండటమేంటి? ఉన్ని దుప్పటి కప్పి ఉంచాను. ఏటా తుడుస్తాను. నీ కారుని నువ్వు ఎప్పుడైనా తుడిచావా?"

"తుడవడానికి నేను ఇంట్లో ఉంటేగా."

"అదే నేనూ అనేది." మింకా రొట్టెను పెనం నుంచి దించి, కోసే చెక్క మీద కాస్త గట్టిగానే పెట్టింది. "అసలు కారెందుకు, టైర్లెందుకు? దిగువ వీధిలో కుట్టుమిషన్ల షెడ్డులో మనుషులు కావాలని బోర్డు పెట్టారు. నడిచి వెళ్లి నడిచి రావచ్చు."

"నేను కాన్పులు చేసే నర్సుని. బొత్తాలు కుట్టడానికి చదువుకోలేదు."

"ఇక్కడ పిల్లలు పుడుతుంటే ఇక్కడే చేసేదానివి. పుట్టడం లేదనే కదా మన ఊరి వార్డు మూసేశారు. ఎలా పుడతారు? పుట్టించాల్సిన వయసు వాళ్లు కూర్చుని టైర్ల గురించి మాట్లాడుకుంటుంటే."

రూమెన్‌కు పొలమారింది. నెవెనా మొహం ఎర్రబడింది. ఆ మాట ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరూ పైకి అనలేదు. ఒకసారి అన్నాక ఇంక వెనక్కి తీసుకోవడం మింకాకు చేతకాదు.

"ఒకటి చెప్తాను అత్తయ్యా," అంది నెవెనా లేచి నిలబడి. "కనుమ అవతలి ఆసుపత్రిలో నేను చేరిన మొదటి రోజు గుర్తుందా? అంతకు ముందు వారమే సాబి బాబాయి మనవరాలు పరీక్షకు వెళ్తుంటే మీరు పరుగెత్తుకుంటూ వెళ్లి గడప ముందు నీళ్లు పోశారు. పనులు నీళ్లలా సాగిపోవాలని దీవించారు. పక్కింటి పిల్లకి. నేను ఈ గడప దాటి వెళ్తుంటే వీపు తిప్పుకుని పెనం తోముతున్నారు. ఒక్క చుక్క పోశారా?"

"తోమాల్సిన పెనం ఉంది, తోమాను."

"అంతేలెండి."

"కోళ్లకు నీళ్లు పెట్టొస్తాను," అని మింకా చిన్న రాగి బిందె తీసుకుని బయటికి వెళ్లిపోయింది. రోజూ ఈ వేళకు ఆ బిందెతోనే వెళ్తుంది, ఖాళీ బిందెతో వస్తుంది. ఆమెకు కోడలితో మాట్లాడటం కంటే కోళ్లతో మాట్లాడటం ఇష్టమని నెవెనా ఎప్పుడో తీర్మానించుకుంది. తలుపు వేసిన చప్పుడుకు గాజు సామాను గలగలమంది.

ఆ సాయంత్రం రూమెన్ ఇద్దరినీ నేలమాళిగలోకి తీసుకువెళ్లాడు. కళ్లారా చూస్తే గొడవ తీరుతుందనుకున్నాడు పాపం. ఊరేసిన క్యాబేజీ పులుపు, రబ్బరు వాసన కలిసి ముక్కుకు కొట్టాయి. మింకా ఉన్ని దుప్పటి లాగింది. నాలుగు టైర్లూ ఒకదాని మీద ఒకటి నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఆమె జేబులోంచి నాణెం తీసి పై టైరు గాట్లలో నిలబెట్టింది. నాణెం సగానికి పైగా లోపలికి దిగింది.

"చూశావా? ఇంత లోతు గాట్లు. ఏ పోలీసు వచ్చి కొలుస్తాడో కొలవమను."

నెవెనా వంగి టైరు పక్కభాగాన్ని ఫోను లైటుతో వెతికింది. కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు దొరికాయి. "ఇది తయారైన వారం, ఇది సంవత్సరం. చూడు రూమెన్. మామయ్య కొనేటప్పటికే ఇవి ఐదేళ్ల పాతవి. ఇప్పటికి పదకొండేళ్లు. గాట్లు ఉంటే ఏం లాభం, రబ్బరు బిరుసెక్కిపోయింది. గోరు పెట్టి నొక్కు, దిగుతుందేమో."

"అంటే ఆయన్ని మోసం చేసి అమ్మారంటావు," అంది మింకా మెల్లగా.

"నేను అలా అనలేదు."

"ముప్పై ఏళ్లు ఆ కనుమ మీద బస్సు నడిపాడు. ఊరు ఊరంతా ఆయన వెనక సీట్లలో నిద్రపోయింది. ఆయనకి టైరు చూడటం రాదా? నీకొచ్చా?"

"అంకెలు చదవటం నాకొచ్చు."

మింకా దుప్పటిని తిరిగి కప్పింది. నాలుగు మూలలూ సర్ది, అంచులు లోపలికి దోపింది. "ఇంకో టైరు ఈ కారుకెక్కితే నేను ఈ ఇంట్లో అన్నం ముట్టను," అని మెట్లెక్కి వెళ్లిపోయింది. నెవెనా కూడా ఒక మాట అని వెళ్లింది. "అవి నా కారుకెక్కితే నేను పట్నంలో గది తీసుకుంటాను. నువ్వు రావాలో వద్దో నీ ఇష్టం." రూమెన్ క్యాబేజీ పీపా పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. ఇద్దరూ అన్నంత పనీ చేసేవాళ్లే.

శనివారం నెవెనా రాత్రి డ్యూటీ నుంచి వచ్చి పడుకుంది. రూమెన్ తండ్రి టైర్లలో రెండింటిని చప్పుడు కాకుండా కారులో వేసుకుని షాపుకు వెళ్లాడు. మంచు పడుతుందని టీవీలో చెప్పారు కాబట్టి ఊరంతా అక్కడే ఉంది. ఏడాది పొడుగునా ఖాళీగా ఉండే ఆ షాపు ముందు ఆ ఒక్క రోజే క్యూ కట్టకపోతే మా వాళ్లకు తోచదు.

షాపు వాడు మూడు రకాలు చూపించాడు. పేరున్న కంపెనీవి, పేరు ఎవరూ పలకలేనివి, జర్మనీలో ఒక చలికాలం తిరిగి వచ్చినవి. రూమెన్ మొదటివాటి దగ్గరే నిలబడ్డాడు. వేలితో నొక్కితే గాట్ల అంచులు మెత్తగా వంగాయి. భార్య చెప్పింది నిజమేనని అతనికి ఆ వేలి చివరే తెలిసిపోయింది. అయినా తల్లి ఖాళీ పళ్లెం ముందు కూర్చోవడం కళ్లకు కట్టింది.

"రెండు చాలు," అన్నాడు. "ముందుకి ఇవి వెయ్యి. వెనక్కి నేను తెచ్చినవి వెయ్యి."

"అలాగే. లాగేది ముందు చక్రాలే కదా," అన్నాడు షాపు వాడు, జాకీ పైకెత్తుతూ.

"అంతేగా. వెనకవి ఎలాగూ వెంట వస్తాయి."

మా ఊళ్లో మగాళ్లంతా ఇదే మాట అంటారు. వాళ్ల నాన్నలూ ఇదే అన్నారు. క్యూలో ఉన్నవాళ్లలో సగం మంది ఆ రోజు అదే పని చేసి వెళ్లారు.

రూమెన్ కారుని ఎప్పటిలా మూతి గేటు వైపు, తోక వంటింటి వైపు ఉండేలా నిలబెట్టాడు. మింకా కిటికీలోంచి వెనక చక్రాలు చూసింది. మానోల్ టైర్లు. ఆ రాత్రి భోజనంలో చిక్కుళ్ల పులుసు రెండోసారి వడ్డించుకుంది. నిద్ర లేచి గేటు దాకా వెళ్లిన నెవెనా వెనక్కి వస్తూ ముందు చక్రాలు చూసింది. మెత్తటి కొత్త రబ్బరు. భర్త భుజం మీద ఒకసారి చెయ్యి వేసింది. "టైర్లు వేయించాను," అని రూమెన్ ఇద్దరికీ విడివిడిగా చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు.

వారం రోజులు ఆ ఇంట్లో శాంతి రాజ్యమేలింది. అత్తా కోడలూ ఎవరికి వారే గెలిచామనుకున్నారు. గెలిచినవాళ్లు కాబట్టి కాస్త ఉదారంగా కూడా ఉన్నారు. ఒక రోజైతే ఉప్పు డబ్బా చేతికే అందింది. రూమెన్ తన తెలివికి తనే మురిసిపోయి మిల్లులో ఈల వేసుకుంటూ తిరిగాడు.

తర్వాత వచ్చిన సోమవారం, ఆ ఏటి మొదటి గట్టి చలి దిగింది. వాకిట్లో కుక్క గిన్నెలో నీళ్లు రాయిలా బిగుసుకున్నాయి. మింకా ఎప్పటిలా రాగి బిందెతో బయటికి వెళ్లి వచ్చింది. నెవెనా కాఫీ తాగి, కోటు వేసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లి కారు ఎక్కింది.

గేటు దాటగానే సందు ఎడమకు తిరిగి నిటారుగా దిగుతుంది. ఎదురుగా సాబి చలికాలానికి పేర్చుకున్న కట్టెలు. వాటి వెనక నడుమెత్తు గోడ, గోడ అవతల ఒక్కసారిగా కింది ఇంటి కప్పు. నెవెనా నెమ్మదిగానే బయటికి వచ్చింది, నెమ్మదిగానే స్టీరింగు తిప్పింది. ముందు చక్రాలు చెప్పినట్టు తిరిగాయి. అంతలో ఎవరో కారు తోక పట్టుకుని విసిరినట్టయింది. వెనక భాగం గిర్రున తిరిగి సందుకు అడ్డంగా జారింది. ఆమె బ్రేకు తొక్కినా వెనక చక్రాలు వినిపించుకోలేదు. కట్టెల పేర్పు ఫెళ్లున కూలి, దుంగలు గోడ దాటి కింది ఇంటి కప్పు మీద పడి దొర్లి, కారు అక్కడ ఆగింది.

నెవెనా దిగింది. వెనక దీపం పగిలి ఉంది, డొక్క లోపలికి పోయింది. ఇంకో మూర జారి ఉంటే తను ఆ కప్పు మీద ఉండేది. చేత్తో కారుని పట్టుకుని వెనక చక్రం వైపు వంగింది. కోడిగుడ్డు ఆకారపు గడి, అందులో ఆ నాలుగు అంకెలు. అంతవరకూ ఉన్న భయం అక్కడే కోపంగా మారింది.

ఆమె వంటింట్లోకి వచ్చేసరికి రూమెన్ చెప్పులు సగం తొడుక్కుని ఎదురొస్తున్నాడు. "నీకేమైనా తగిలిందా? నెవెనా, తగిలిందా?"

"వెనక ఎవరివి ఆ టైర్లు?"

అతను వంగి చెప్పు సరిచేసుకోబోయాడు.

"వెనక ఎవరివి అని అడుగుతున్నా."

"నాన్నవి," అన్నాడు. "ముందువి కొత్తవి. లాగేవి అవే కదా, వెనకవి..."

"వెంట వస్తాయి. అంతేనా? వెంట రాలేదు రూమెన్. నన్ను దాటి ముందుకొచ్చాయి. అడ్డంగా తిరిగి గోడ మీదికి వెళ్లాను. అమ్మ అలగకూడదు, పెళ్లాం అరవకూడదు. అందుకని నా ప్రాణాన్ని సగం కోసి ఇద్దరికీ పంచావు."

"ఆయన టైర్లని ఏమీ అనకు," అంది మింకా పొయ్యి దగ్గర నుంచి. ఆమె మొహం పాలిపోయి ఉంది, చేతిలో బిందె అలాగే ఉంది. కానీ గొంతు మాత్రం ఎప్పటిదే. "ముప్పై ఏళ్లు..."

"ముప్పై ఏళ్లు, ముప్పై ఏళ్లు. వినీ వినీ నా చెవులు పోయాయి. మీ ముసలాయన చచ్చి ఆరేళ్లయింది, ఇవాళ ఆయన టైర్లు నన్ను కూడా తీసుకుపోబోయాయి. అప్పుడు వాటిని మళ్లీ తుడిచి దుప్పటి కప్పుకునేవారా?"

మింకా నోటి నుంచి రాకూడని మాటే వచ్చింది.

"మంచిదే అయింది. ఇంక ఇంటి పట్టున ఉంటావు."

"అమ్మా," అన్నాడు రూమెన్.

అప్పుడే తలుపు తోసుకుని సాబి వచ్చాడు. ఎనభై దాటిన మనిషి, లోపలి చొక్కా మీద కోటు వేసుకుని, చేతిలో విరిగిన దుంగ ఒకటి పట్టుకున్నాడు.

"వదినా, పిల్లకి దెబ్బ తగల్లేదు కదా? తగల్లేదా, అది చాలు. కట్టెల సంగతి తర్వాత చూద్దాం. కానీ మీ గేటు ముందు నీళ్లెవరు పారబోశారు? చర్చి దగ్గర నుంచి ఇక్కడిదాకా సందంతా పొడిగా ఉంది. మీ గేటు ముందు మాత్రం అద్దంలా గడ్డకట్టింది. నేనే ఇప్పుడు వెల్లకిలా పడేవాణ్ని."

నెవెనా కళ్లు మెల్లగా అత్తగారి చేతిలోని రాగి బిందె మీదికి వెళ్లాయి. అడుగు నుంచి ఒక చుక్క జారి నేల మీద పడింది.

"మీరేనా పోసింది?"

మింకా బిందెను తన వైపు జరుపుకుంది.

"కోళ్లు వెనక పెరట్లో ఉంటాయి. గేటు ముందు మీకేం పని? మీరే పోశారా?"

"పోశాను."

"ఇంత చలిలో. నేను ఆ దారినే వెళ్తానని తెలిసి."

"తెలిసే పోశాను," అంది మింకా. "రోజూ పోస్తాను."

"విన్నావా రూమెన్?" నెవెనా భర్త వైపు తిరిగింది. "నోటితో ఆపలేకపోయింది, అందుకని ఇలా. నేను జారి పడితే, కాలో చెయ్యో విరిగితే, ఇంట్లో కూర్చుని బొత్తాలు కుట్టుకుంటానని. పగవాళ్లు కూడా చెయ్యరు ఇలాంటి పని."

"అమ్మా, చెప్పు," అన్నాడు రూమెన్. "అలా కాదని చెప్పు."

మింకా బిందెను బల్ల మీద పెట్టింది. "అనుకునేవాళ్లని అనుకోనీ," అని నేలమాళిగ మెట్లు దిగి వెళ్లిపోయింది. సాబి దుంగను ఎక్కడ పెట్టాలో తెలియక పొయ్యి పక్కనే పెట్టి తల గోక్కున్నాడు.

నెవెనా పట్నం ఆసుపత్రికి ఫోను చేసి రాలేనని చెప్పింది. తర్వాత గొడ్డలి తీసుకుని బయటికి వెళ్లింది. ఆ మంచుని ముక్కలుగా కొట్టి, ఆ ముక్కల్ని తెచ్చి అత్తగారి మంచం మీద పొయ్యాలని ఉంది ఆమెకు. గేటు ముందు మోకాళ్ల మీద కూర్చుని మొదటి దెబ్బ వేసింది. రెండో దెబ్బకు చెయ్యి ఆగిపోయింది.

మంచులో ఆకు ఉంది. పచ్చటి, గుండ్రటి, అంచులు చీలిన ఆకు. దాని పక్కన మరొకటి. ఇంకాస్త అవతల లేత కొమ్మ ఒకటి, ఆకులతో సహా. మా వాళ్లు ఆరోగ్యపు ఆకు అని పిలుచుకునే మొక్క అది. పెళ్లికూతురి చేతిలో, దేవుడి పటం దగ్గర, దూరం వెళ్లేవాళ్ల కోసం పోసే నీళ్ల బిందెలో తప్ప దాన్ని ఎవరూ ఊరికే తెంపరు. ఈ సందులో దాన్ని డబ్బాల్లో పెంచేది ఒక్క మనిషే. కిటికీ కింద వరసగా ఆ డబ్బాలు. వాటిలో కొమ్మలన్నీ కురచగా, బోడిగా ఉన్నాయి. ఒక్క రోజులో తెంపితే అలా కాదు. నెలల తరబడి రోజూ తెంపితే అవుతాయి.

ఎవరినైనా జారి పడేయాలనుకునేవాళ్లు నీళ్లలో ఆరోగ్యపు ఆకు వెయ్యరు.

నెవెనా అక్కడే చల్లటి రాళ్ల మీద కూర్చుండిపోయింది. ఒక్క చుక్క పోశారా అని తను అడిగిన రోజు కూడా ఆ మనిషి జవాబు చెప్పకుండా ఈ బిందె పట్టుకునే బయటికి వచ్చింది. చలి లేనన్నాళ్లూ తను ఆ నీళ్ల మీదుగా కారులో వెళ్లిపోయింది, తిరిగొచ్చేసరికి అవి ఆరిపోయేవి. ఇవాళ ఒక్కరోజు ఆరలేదు.

ఆకు ఉన్న మంచు ముక్కను అలాగే చేతుల్లో పట్టుకుని నేలమాళిగలోకి దిగింది. మింకా మిగిలిన రెండు టైర్ల మీద, ఉన్ని దుప్పటి పైన కూర్చుని ఉంది. నెవెనా ఆ ముక్కను ఆమె ముందు పట్టుకుంది. కరిగిన నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారుతున్నాయి.

"ఎందుకు చెప్పలేదు?"

మింకా తల తిప్పుకుంది. "ఏమని చెప్పేది? వెళ్లొద్దు, వెళ్లొద్దు అని ఊరంతా వినేలా అరిచాను. మళ్లీ అదే నోటితో క్షేమంగా వెళ్లిరా అని ఎలా అనను? ఏ మొహం పెట్టుకుని?"

"నేను నవ్వేదాన్ని కాదు."

"నవ్వేదానివే. అంకెలు చదివినట్టు చదివి, నీళ్లకూ రోడ్డుకూ ఏం సంబంధం అనేదానివి." ఆమె చేతులు ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "ఆయన కనుమ మీదికి వెళ్లిన ప్రతి పొద్దూ పోశాను. ప్రతి సాయంత్రం తిరిగొచ్చాడు. చివరికి మంచం మీద, నా చెయ్యి పట్టుకుని పోయాడు కానీ ఆ రోడ్డు ఆయన్ని తీసుకోలేదు. ఆ తర్వాత నువ్వు మొదలుపెట్టావు ఆ రోడ్డు మీద తిరగడం. నాకు ఇంకేం చేతనవుతుందే? టైర్ల గురించి నాకేం తెలుసు? ఆయన కొన్నవి అంటే మంచివే అనుకున్నాను. ఆయన చెయ్యి పడ్డవి నీ కింద ఉంటే నాకు నిద్ర పడుతుందనుకున్నాను."

"నేను మామయ్యని అలా అనకుండా ఉండాల్సింది."

"అనకుండా ఉండాల్సిందే," అంది మింకా. ఆ ఒక్క విషయంలో ఆమె తగ్గదలుచుకోలేదు. తర్వాత తనే మళ్లీ అంది. "నేను మాత్రం? మంచిదే అయిందని అన్నాను. పిల్లల మాట కూడా అన్నాను ఆ రోజు. ఈ నాలుకని ఎవరైనా కోసేస్తే బాగుండు. నువ్వు గేటు దాటాక ఆ చప్పుడు విన్నప్పుడు, నా గుండె..." ఏడుస్తున్న మొహాన్ని దాచుకోవడానికి చీకటి చాలక దుప్పటి అంచు పైకి లాక్కుంది.

నెవెనా పక్కన కూర్చుంది. బిరుసు టైర్లు ఇద్దరి బరువుకీ కొంచెం కూడా వంగలేదు. మంచు ముక్క కరిగి ఆకు ఒక్కటే అరచేతిలో మిగిలింది.

"మీరు పోసిన నీళ్ల మీదే జారాను అత్తయ్యా," అంది నెవెనా, ఏడుపులోనే నవ్వొచ్చి.

"ఆయన టైర్లతో," అంది మింకా.

"మీ అబ్బాయి తెలివితో."

ఇద్దరూ ఒకేసారి మెట్ల వైపు చూశారు. పై మెట్టు మీద రూమెన్ నిలబడి ఉన్నాడు, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి లేదు.

"ఒరేయ్," అంది మింకా, ముక్కు తుడుచుకుంటూ, "నన్ను మోసం చేశావు సరే. పెళ్లాన్ని మోసం చేస్తావురా? నీకు అన్నం పెట్టకూడదు."

"ఇద్దరినీ చేశాడు," అంది నెవెనా. "ఇవాళే షాపుకి. ఇంకో రెండు. ఇంటికొచ్చి నాలుగు చక్రాలూ మాకు చూపించు. తర్వాత కూలిన కట్టెలన్నీ సాబి బాబాయికి పేర్చి రా."

ఆ ఇంట్లో అత్తా కోడలూ ఒకే వైపు నిలబడి మాట్లాడటం రూమెన్ అదే మొదటిసారి చూశాడు. రెండో చెప్పు వెతుక్కోవడానికి వెళ్లాడు. షాపులో ఈసారి "నాలుగూ ఒకటే రకం ఉండాలి" అని అతను అంటే, క్యూలో ఉన్నవాళ్లు పెళ్లాం మాట నెత్తికెక్కించుకున్నాడని నవ్వారు. నవ్వనిచ్చాడు. మానోల్ టైర్లు నాలుగూ పెరట్లో కిటికీ కింద చేరాయి. వసంతం రాగానే వాటిలో మట్టి నింపి ఆరోగ్యపు మొక్కలు నాటుతానని మింకా చెప్పింది. డబ్బాలు చాలడం లేదట.

మర్నాడు పొద్దున్న చలి ఇంకా పెరిగింది. గేటు ముందు మింకా పొయ్యిలోని బూడిదంతా తెచ్చి చల్లింది. నెవెనా కోటు బొత్తాలు పెట్టుకుని తలుపు దాకా వచ్చి, ఆగి, వెనక్కి తిరిగింది. మింకా పొయ్యి దగ్గర పెనం తోముతోంది. రాగి బిందె కొక్కానికి వేలాడుతోంది.

"ఇవాళ పొయ్యరా?"

"బుద్ధి ఉన్నవాళ్లు పోస్తారా ఈ చలిలో? గడ్డ కట్టదూ."

"ఇక్కడ పొయ్యండి." నెవెనా వంటింటి గడపకు లోపలి పక్కన, పొయ్యి వేడికి ఎప్పుడూ గోరువెచ్చగా ఉండే ఆ పలకల నేలను బూటు కొనతో చూపించింది. "ఇది గడ్డ కట్టదు. దాటి వెళ్తాను."

మింకా కోడలి మొహం వైపు చూసింది. పెనం వదిలేసి, బిందె దించి, నీళ్లు పట్టింది. కిటికీ తెరిచి, మిగిలిన కొమ్మల్లో కాస్త పచ్చగా ఉన్నది ఒకటి తుంచి అందులో వేసింది. గడప పొడుగునా పోసింది. నీళ్లు పలకల మీద సాఫీగా జారాయి. "నీళ్లలా వెళ్లి నీళ్లలా రా," అంది. ఇన్ని నెలల్లో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

నెవెనా కుడి కాలు పెట్టి తడిని దాటింది.

"నేలంతా చిత్తడి చేయించావు," అంది మింకా, కళ్లు ఒత్తుకుంటూ. "ఇప్పుడు ఇదంతా ఎవరు తుడుస్తారు?"

"మీరు ముట్టుకోకండి. సాయంత్రం వచ్చి నేనే తుడుస్తాను."

కారు గేటు దాటింది, బూడిద మీదుగా ఎడమకు తిరిగింది, నాలుగు చక్రాలూ ఒకదాని వెంట ఒకటి కిందికి దిగాయి. మింకా ఆ చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా తలుపు పట్టుకుని నిలబడింది. మధ్యాహ్నం రూమెన్ భోజనానికి వచ్చి, తడి చూసి, గుడ్డ కోసం చెయ్యి చాపాడు.

"దాన్ని ముట్టుకోకు," అంది మింకా. "అమ్మాయి వచ్చి తుడుస్తానంది."